ఒక్క మెతుకు సాక్ష్యం

మా అవ్వకి అక్షరం ముక్క రాదు. కానీ ఏటా రోహిణి కార్తె వచ్చిందంటే ఆవిడకి ఒక పని ఉండేది. విత్తనానికని దాచిన బుడ్డల మూటలు దించి, ఒక్కో మూటలో పైనుంచి ఒక పిడికెడు, నడుమకి చెయ్యి దూర్చి ఒక పిడికెడు, అడుగునుంచి ఒక పిడికెడు తీసేది. వొలిచి, నూరు గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి వెచ్చని మూలన పెట్టేది. నాలుగైదు రోజులకి విప్పి మొలకలు లెక్కపెట్టేది. "ఎనబై లేచినాయి, పర్వాలేదు" అనో, "అరవయ్యే లేచినాయి, ఒత్తుగా ఏయాల" అనో చెప్పేది. ఆ మాట మీదే ఆ ఏడు మా ఇంటి సేద్యం నడిచేది.

మాది కల్యాణదుర్గం వైపు మెట్ట పల్లె. తర్వాతి కాలంలో నేను డిగ్రీ కాలేజీలో సాంఖ్యకశాస్త్రం చెప్పాను. శాంపిల్, పాపులేషన్, ఇన్ఫరెన్స్ అని నల్లబల్ల మీద రాసిన మొదటిరోజే నాకు అవ్వ మూటలు గుర్తొచ్చాయి. మూటంతా పాపులేషన్. మూడు పిడికిళ్ళు శాంపిల్. గుడ్డ విప్పి ఆవిడ చెప్పిన మాట ఇన్ఫరెన్స్. పైనున్న కాయలు మాత్రమే చూస్తే అడుగున చెమ్మ పట్టినవి తెలియవని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఒక ఏడాది విత్తనం మొలవకపోతే ఏమవుతుందో ఆవిడ బతుకే చెప్పింది.

మనందరికీ తెలిసిన సామెత కూడా ఇదే చెప్తుంది. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోడానికి కుండంతా తినక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. నిజమే. కానీ ఆ సామెత చెప్పని సంగతి ఒకటుంది. మెతుకు పట్టుకునే ముందు ఆ కుండలో గరిటె తిప్పిన చెయ్యి ఉంది. కలియతిప్పిన కుండలోనే ఒక మెతుకు మిగతా మెతుకులకి సాక్ష్యం చెప్పగలదు. అడుగంటిన కుండలో పైమెతుకు అబద్ధం చెప్తుంది. పైగా, పొయ్యి మీద పెట్టకుండా పక్కన ఉంచేసిన కుండ గురించి ఏ మెతుకూ ఏమీ చెప్పలేదు.

అనంతపురం మెట్టనేలని రెండు వందల ఏళ్ళకి పైగా ఎవరో ఒకరు లెక్కపెడుతూనే ఉన్నారు. పొలాల్ని, వానని, పంటని, చావుల్ని. ఆ లెక్కల చరిత్రని ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది: లెక్క తప్పింది గుణకారాల్లో, భాగహారాల్లో కాదు. ఏ కుండ గురించి మాట్లాడుతున్నామో నిర్ణయించిన చోట తప్పింది.

ముందు మాటల సంగతి చూద్దాం. పాపులేషన్‌ని జనాభా అనీ, సమష్టి అనీ అంటారు. జనాభా అనగానే మనుషులు గుర్తొస్తారు గానీ, ఈ శాస్త్రంలో అది మూటలోని గింజలు కావచ్చు, మండలంలోని పొలాలు కావచ్చు. దేని గురించి తెలుసుకోదలిచామో అదంతా సమష్టి. అందులోంచి తీసుకున్న కొంత భాగం నమూనా. కొంత చూసి మొత్తం గురించి చెప్పడం అనుమితి. పాతకాలపు తర్కశాస్త్రంలో దాన్నే అనుమానం అన్నారు. కొండమీద పొగ చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానం. వాడుక తెలుగులో ఆ మాటకి వేరే అర్థం స్థిరపడింది. అనుమానం అంటే ఏమిటో ఈ దేశంలో ఆడవాళ్ళకి ఎవరూ నిర్వచించి చెప్పక్కర్లేదు. ఈ రెండో అర్థం దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

1800లో నిజాం దత్తత చేసిన జిల్లాలు కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. అనంతపురంలో మకాం పెట్టి, పొలం పొలాన్నీ గొలుసుతో కొలిపించాడు. అది నమూనా కాదు, సంపూర్ణ గణన. శిస్తు ప్రతి పొలం మీదా వెయ్యాలి కాబట్టి ఏ పొలాన్నీ వదల్లేదు. వసూలు చెయ్యాల్సి వస్తే రాజ్యం ఒక్క మెతుకుతో తృప్తిపడదు, కుండంతా లెక్కపెడుతుంది. ఇవ్వాల్సి వచ్చినప్పుడే మెతుకు పట్టి చూస్తానంటుంది.

ఇవ్వాల్సిన కాలం 1876లో వచ్చింది. మా పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునే కరువు అది. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగమే, 1882లో గానీ వేరు జిల్లా కాలేదు. 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చాడు. ఖర్చు తగ్గించడం ఆయనకి అప్పగించిన పని. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్ది చిల్లర సరిపోతుందని తేల్చాడు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. జైళ్ళలో ఖైదీల తిండి అనుభవాన్ని ముందుకు తెచ్చి, ఒకటిన్నర పౌను ధాన్యమూ, దానితోపాటు పప్పూ కూరా లేనిదే పనిచేసే మనిషి నిలబడడని వాదించాడు. తర్వాత మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. ఆలోగా పోయినవాళ్ళు పోయారు.

ఈ గొడవని కరుణకీ కాఠిన్యానికీ మధ్య గొడవగా మాత్రమే చదువుతుంటాం. నాకది అనుమితి మీద జరిగిన గొడవగా కూడా కనిపిస్తుంది. ఏ మనుషుల్ని చూసి ఏ మనుషులకి ఎంత తిండి చాలుతుందని చెప్తున్నావు? కార్నిష్ పక్షం న్యాయమైనదే. అయినా జైలు ఖైదీలు ఎక్కువమంది మగవాళ్ళు, నీడపట్టున ఉండి వేళకి తినేవాళ్ళు. రాళ్ళ కుప్పల దగ్గర కూచున్న వాళ్ళలో చంకన బిడ్డతో, కడుపులో బిడ్డతో ఉన్న ఆడవాళ్ళున్నారు. పాలిచ్చే తల్లికి మగవాడికంటే తక్కువ చాలునని ఏ నమూనా చెప్పింది? ఏదీ చెప్పలేదు. అది లెక్కలోంచి వచ్చింది కాదు, ఇంట్లో ఆడది ఆఖర్న తింటుందనే అలవాటులోంచి వచ్చింది.

ఎంతమంది పోయారన్నది 1881 జనగణనలో గానీ తేలలేదు. 1871తో పోలిస్తే బళ్ళారి జిల్లాలో మనుషులు దాదాపు ఐదో వంతు తగ్గిపోయారు. సంపూర్ణ గణనకున్న లోపం ఇది. పదేళ్ళకోసారి వచ్చి, ఎంతమంది లేరో చెప్పి వెళ్ళిపోతుంది. నమూనాకి ఉన్న విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. కొన్ని పొలాలు సరిగ్గా చూస్తే పంట పోయిందని నూర్పిళ్ళ నాటికే తెలుసుకోవచ్చు.

అంతకుముందు పంట లెక్క అణాల్లో ఉండేది. పదహారణాల పంట అంటే నిండు పంట. కరణం గట్టు మీద నిలబడి చూసి, ఈ ఏడు ఎనిమిదణాలు, ఆ ఏడు ఆరణాలు అని రాసేవాడు. కంటి అంచనా. ఎవరి కన్ను, ఎవరి పొలం, ఎవరితో స్నేహం అనేవన్నీ ఆ అణాల్లో కలిసిపోయేవి. 1923–25లో బీహార్, ఒరిస్సా ప్రాంతంలో హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి వరిపొలాల్లో యాదృచ్ఛికంగా ఎంచిన చోట్ల చిన్న చిన్న మడులు కోయించి తూకం వేయించాడు. 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థ స్థాపించిన మహలనోబిస్ బెంగాల్లో జనపనార పంట మీద ఈ పద్ధతిని విస్తరించాడు. 1940లలో వ్యవసాయ పరిశోధన మండలిలో సుఖాత్మే దీన్ని దేశమంతటికీ తెచ్చాడు. మడి ఎంత ఉండాలన్నదాని మీద ఇద్దరికీ వాదం నడిచింది. మడి మరీ చిన్నదైతే అంచు మీది మొక్కలన్నీ లోపలివేనని కలిపేసుకుంటారు, దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది అన్నది సుఖాత్మే అభ్యంతరం. అంచు మీది మొక్క లోపలిదా బయటిదా? ఈ చిన్న ప్రశ్నని గుర్తుపెట్టుకోండి.

అనుమితికి గట్టి గణితం ఇచ్చిన వాళ్ళలో ఒకరు మా పక్కవారే. సి.ఆర్. రావు 1920లో అప్పటి బళ్ళారి జిల్లా హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా చేరారు. 1945లో ఆయన రాసిన వ్యాసంలోని ఒక ఫలితం ఇప్పుడు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో ఉంది. చేతిలో ఉన్న నమూనాలో ఎంత సమాచారం ఉందో దాన్ని మించిన కచ్చితత్వం ఎంత తెలివైన సూత్రంతోనూ రాబట్టలేమని, పక్షపాతం లేని అంచనాలకి ఒక హద్దు ఉందని అది చెప్తుంది. 2023లో నూట రెండేళ్ళు నిండిన వయసులో ఆయన పోయారు. నాకు ఆ సిద్ధాంతంతోపాటు గుర్తుండేది ఆయన తల్లి లక్ష్మీకాంతమ్మగారు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోడానికి దీపం వెలిగించి పెట్టేదని ఆయన తన పుస్తకం అంకితంలో చెప్పుకున్నారు. కొడుకుని నాలుగింటికి లేపాలంటే తను ఎన్నింటికి లేవాలి? ఆ మేలుకోవడం ఏ లెక్కల పుస్తకంలోకి వస్తుంది? ఇది నిష్ఠూరం కాదు. గణాంకశాస్త్రం వెయ్యాల్సిన ప్రశ్నే.

1980ల చివర మా పొలంలో పంటకోత ప్రయోగం జరిగింది. సర్వే నంబర్లలోంచి యాదృచ్ఛికంగా తీస్తే మాది వచ్చిందట. ఇద్దరు ఉద్యోగులు టేపు, తాడు, మేకులు, తక్కెడ పట్టుకొచ్చారు. పొలం నైరుతి మూల నిలబడి, చీటీలో ఉన్న అంకె ప్రకారం పొడవునా ఇన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు నడిచి మేకు కొట్టారు. అక్కణ్ణించి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మడి. మంచి పంట ఉన్న చోటు మేమూ చూపించలేదు, ఎండిన చోటు వాళ్ళూ వెతకలేదు. అంకె చెప్పిన చోటే మడి. కలియతిప్పిన గరిటె అంటే ఇదే. ఆ నిష్పాక్షికత అందమైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కరణం కన్నుకంటే చీటీ అంకె న్యాయమైనది.

మడి 25 చదరపు మీటర్లు, అంటే హెక్టారులో 400వ వంతు. అందులో ఒక కిలో కాయలు వస్తే హెక్టారుకి 400 కిలోలని లెక్క. ఆ మడిలో మా అమ్మా, ఇద్దరు కూలి అక్కలూ కట్టె పీకారు, కాయలు తెంపారు, నేలలో ఉండిపోయిన కాయల్ని కూడా తవ్వి తీశారు. మామూలుగా అయితే గట్టినేలలో తెగి ఉండిపోయిన ఆ కాయలు పొలం గలవాళ్ళ ఇంటికి రావు. తర్వాత వచ్చి పరిగె ఏరుకునే ఆడవాళ్ళ వొళ్ళోకి పోతాయి. ఆ రోజు అవి కూడా తూకంలోకి ఎక్కాయి. తూకం అయ్యాక "రైతు ఎవరు, సంతకం పెట్టాల" అన్నారు. అమ్మ చేతులు దులుపుకుని ఊళ్ళో ఉన్న నాన్నకి కబురు పంపింది.

ఆ తూకం మీద ఏం ఆధారపడి ఉందో ఆ వయసులో నాకు తెలీదు. పంటల బీమా ఆధారపడి ఉంది. బీమా ఆలోచన కూడా మాకు దగ్గర్లోనే పుట్టింది. మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి 1920లో ప్రచురించిన పుస్తకంలో వాన లెక్క మీద ఆధారపడి రైతులకి బీమా ఇవ్వచ్చని ప్రతిపాదించాడు. 1970లలో వి.ఎం. దాండేకర్ వేరే దారి చూపించాడు. ఒక్కో రైతు నష్టాన్ని కొలవడం సాధ్యం కాదు, కాబట్టి ఒకేరకంగా పండే ప్రాంతాన్ని ఒక యూనిట్ చేసి, దాని సగటు దిగుబడి పడిపోతే అందరికీ ఇవ్వాలన్నాడు. 1985లో మొదలైన సమగ్ర పంటల బీమా, 1999–2000 రబీ నుంచి వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా ఈ దారిలోనే నడిచాయి. జాతీయ బీమా నిబంధనల ప్రకారం యూనిట్ మండలం అయితే కనీసం 10 కోతలు కొయ్యాల్సి ఉండేది.

"ఒకేరకంగా పండే ప్రాంతం" అన్న మాట దగ్గర ఆగండి. అంటే కలియతిప్పిన కుండ. అనంతపురం అలాంటి కుండేనా? జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. ఆ కొంచెమూ ఒకచోట పడి ఒకచోట పడదు. ఎద్దుకి ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వాన అని మావాళ్ళు ఊరికే అనరు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవే. మండలంలో పది కోతలు. వాన పడిన వైపు ఐదు మడుల్లో ఒక్కోదానికి కిలోన్నర, పడని వైపు ఐదింటిలో ఒక్కోదానికి పావుకిలో. సగటు 875 గ్రాములు, హెక్టారుకి 350 కిలోలు. ఇప్పుడు హామీ దిగుబడి చూడాలి. జాతీయ బీమాలో వేరుశనగ లాంటి పంటకి గత ఐదేళ్ళ సగటు తీసుకునేవారు. ఆ ఐదేళ్ళు 500, 700, 200, 800, 300 కిలోలనుకుందాం. సగటు 500. దిగుబడి నిలకడగా ఉండే చోట అందులో 90 శాతానికి హామీ, ఒడుదుడుకులు మరీ ఎక్కువైన చోట 60 శాతానికే. 500లో 60 శాతం 300. మండలం సగటు 350. కాబట్టి నష్టం లేదు, బీమా రాదు. వాన పడని వైపు వాళ్ళకి హెక్టారుకి పండింది నూరు కిలోలు. వేసిన విత్తనం కూడా తిరిగి రానట్టే.

ఇందులో ఎవరూ మోసం చెయ్యలేదు, తూకం తప్పలేదు, భాగహారం తప్పలేదు. సగటు మండలం గురించి నిజమే చెప్పింది. కానీ సగటుకి ఇల్లు లేదు, అప్పు లేదు. పైగా కరువేళ్ళు కూడా ఐదేళ్ళ సగటులో కలుస్తాయి కాబట్టి కరువు ఎంత అలవాటైతే హామీ అంత కిందికి దిగుతుంది. ఎక్కువ పోగొట్టుకునేవాళ్ళకి తక్కువ హామీ. ఇది ఇంట్లో ఆడవాళ్ళ తిండి లెక్కలాగే ఉంది. అలవాటు పడింది కదా, ఆమెకి తక్కువైనా చాలు.

2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చినప్పుడు ముఖ్యమైన పంటలకి యూనిట్‌ని గ్రామ పంచాయతీకి దించారు, కోతలు కనీసం నాలుగు అన్నారు. యూనిట్ చిన్నదైతే మనిషికి దగ్గరవుతుంది, నిజమే. కానీ నాలుగు మడుల సగటు పది మడుల సగటుకంటే ఎక్కువ ఊగుతుంది. దోషం సగం కావాలంటే నమూనా నాలుగింతలు కావాలి. ఆ నాలుగింతల మడులు తవ్వించడానికి మనుషులూ జీతాలూ కావాలి. చౌకగా కచ్చితత్వం రాదని హడగలి ఆయన గణితంలో ఎప్పుడో చెప్పాడు.

కోతలు మానేసి వానని కొలిస్తే చాలదా అన్న ఆలోచన చక్రవర్తి తర్వాత ఎనభై ఏళ్ళకి మళ్ళీ వచ్చింది. 2003లో మహబూబ్‌నగర్‌లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వానబీమా మొదలుపెట్టాయి, తర్వాత అనంతపురానికీ తెచ్చాయి. వానకొలత పాత్ర అబద్ధం చెప్పదు, డబ్బు త్వరగా వస్తుంది. కానీ అది చెప్పేది వాన గురించే, పంట గురించి కాదు. 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగని దెబ్బతీసింది. ఆ వైరస్‌ని మోసేది గట్ల మీద పెరిగే పార్థీనియం. దానికి మనవాళ్ళు పెట్టిన పేరు వయ్యారిభామ. పంటని చంపే కలుపుకి ఆడపేరు దొరికింది గానీ, ఆ కలుపుని వంగి వంగి పీకిన ఆడవాళ్ళకి కాగితాల్లో రైతు అన్న పేరు దొరకలేదు.

అంచు మీది మొక్క లోపలిదా బయటిదా అన్న ప్రశ్న గుర్తుందా? దేశం ఆడవాళ్ళ పని విషయంలో ఆ ప్రశ్నకి ఒక్కో దశాబ్దంలో ఒక్కో జవాబు చెప్పింది. 1961 జనగణన పనికి విశాలమైన నిర్వచనం ఇచ్చింది. 1971లో ముఖ్యమైన పని ఏమిటని అడిగారు. ఇంటిపని ముఖ్యమన్న వాళ్ళు పనివాళ్ళు కాకుండా పోయారు. దేశంలో పనిచేసే స్త్రీల శాతం కాగితం మీద సగానికి పడిపోయింది. ఆ పదేళ్ళలో ఆడవాళ్ళు కొడవళ్ళు పక్కన పెట్టి కూచున్నారా? 1974లో వచ్చిన 'సమానత్వం వైపు' నివేదిక స్త్రీల పని ఇలా మాయమవడాన్ని చర్చకి పెట్టింది. స్త్రీల సంఘాలు, పరిశోధకులు పట్టుబట్టగా 1991 జనగణన ప్రశ్నలో, సొంత పొలంలో జీతం లేకుండా చేసే పని కూడా పనే అన్న మాట చేర్చారు. ఒక ప్రశ్నలో నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల కోసం ఇరవై ఏళ్ళు.

జాతీయ నమూనా సర్వేలో మనిషి చేసే పనికి సంకేతాలుంటాయి. 92 అంటే ఇంటిపనులు మాత్రమే చేసేవాళ్ళు. 93 అంటే ఇంటిపనులతోపాటు కట్టెలు, మేత ఏరి తెచ్చుకోవడం, కుట్టుకోవడం లాంటివి చేసేవాళ్ళు. రెండూ శ్రామిక శక్తికి బయటే. విత్తనం కాయలు ఇంట్లో కూచుని రాత్రిదాకా వొలిచే ఆమెని ఏ సంకేతం కింద రాయాలన్నది ఇంటికొచ్చిన ఉద్యోగి అడిగే తీరు మీదా, జవాబు చెప్పే మగవాడి నోటి మీదా ఆధారపడుతుంది. 1998–99లో మొదటిసారి ఆరు రాష్ట్రాల్లో కాల వినియోగ సర్వే చేశారు, ఎవరి రోజు ఎలా గడుస్తోందో గంటల్లో కొలవడానికి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటా అలాంటి సర్వే 2019లో గానీ జరగలేదు. మా అవ్వ రోజు, మా అమ్మ రోజు ఏ నమూనాకీ అందకుండానే ముగిసిపోయాయి.

బయట ఉండిపోవడం లెక్కల పుస్తకంలో చిన్న విషయం. పల్లెలో కాదు. 2004 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పులు తీర్చుకోడానికి మరో యాభై వేలు. కానీ ముందు అది రైతు ఆత్మహత్యే అని తేలాలి. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులతో కూడిన త్రిసభ్య సంఘం విచారిస్తుంది. పాసుపుస్తకం ఉందా? అప్పు పత్రాలున్నాయా? కౌలు భూమికి కాగితం ఉందా? నోటిమాట కౌలుకి కాగితం ఎక్కడ ఉంటుంది? మొగుడు పోయిన ఆమె ఆ కుర్చీల ముందు నిలబడి, ఆయన తాగేవాడా, మీ ఇద్దరికీ పడేదా అన్న ప్రశ్నలకి జవాబు చెప్పాలి. అనుమానానికి నేను మొదట చెప్పిన రెండర్థాలూ అక్కడ ఒకటైపోతాయి. చనిపోయిన వాడు రైతా కాదా అన్న అనుమితి, బతికి ఉన్న ఆమె మీద అనుమానంగా మారుతుంది.

మరి ఆమే చనిపోతే? అదే సంవత్సరం పి. సాయినాథ్ ఆంధ్ర పల్లెల నుంచి రాస్తూ, పొలం తమ పేర లేని ఆడవాళ్ళ చావులు రైతు ఆత్మహత్యల పట్టికలోకి ఎందుకు చేరవో వివరించారు. సేద్యం చేసేది ఆమే, అప్పులవాడు గుమ్మంలో నిలబడి తిట్టేది ఆమెనే. కానీ పాసుపుస్తకం మగవాడి పేరు మీద ఉంటే ఆమె రైతు కాదు, గృహిణి. ఆమె చావుకి కారణం కుటుంబ కలహమో, కడుపునొప్పో అవుతుంది. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చే చట్టం ఈ రాష్ట్రం 1986లోనే చేసింది. 2015–16 వ్యవసాయ గణన నాటికి కూడా దేశంలోని కమతాల్లో ఆడవాళ్ళు నడిపేవిగా నమోదైనవి 14 శాతం లోపే. రైతుల జాబితా పాసుపుస్తకాల నుంచి తయారైతే, ఆ జాబితాలోంచి ఎంత యాదృచ్ఛికంగా పేర్లు తీసినా అందులో లేని మనిషి బయటికి రాదు. చీటీల డబ్బాలో పేరు వెయ్యకుండా ఎన్నిసార్లు ఊపినా ఏం లాభం?

లోపలికి రావడం అసాధ్యం కాదని కూడా ఈ జిల్లాయే చూసింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదట ప్రారంభమైంది నార్పల మండలం బండ్లపల్లిలోనే. మస్టరు రోలులో ఆమె పేరు ఆమెదిగా పడింది, మగవాడికీ ఆమెకీ ఒకటే కూలి రేటు. 1877లో రాళ్ళ కుప్పల దగ్గర ఆడకూలి తక్కువని రాసిన నేల మీదే నూట ముప్పై ఏళ్ళకి ఆ మార్పు వచ్చింది. పనిలో హెచ్చుతగ్గులు, కొలతల తగాదాలు లేవని కాదు. కానీ ఆమె పని చేసిందా లేదా అని ఎవరూ అనుమితి చెయ్యక్కర్లేదు. పేరు రాసి ఉంది.

అందుకే నేను గణాంకాల మీద కోపంతో ఈ వ్యాసం రాయడం లేదు. జీవితమంతా వాటితో బతికినదాన్ని. కరణం కంటిచూపుకి బదులు చీటీ అంకెని నమ్మమన్న శాస్త్రం మనలాంటి వాళ్ళకి శత్రువు కాదు. మన పనిని, మన చావుని రుజువు చెయ్యాలన్నా అవే లెక్కలు కావాలి. నేను అడిగేది ఒకటే. ఏ అంకె చూపించినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఇది ఏ మూట లెక్క? ఆ మూటలో చెయ్యి పెట్టినదెవరు? మూట కట్టేటప్పుడు బయట పడేసిన గింజలు ఎవరివి?

అవ్వ పోయాక ఆవిడ సామాను సర్దుతుంటే పెట్టె అడుగున ఒక పాత గుడ్డ దొరికింది. తడిసి ఆరి, తడిసి ఆరి గట్టిపడిన గుడ్డ. ఎన్ని ఏళ్ళ విత్తనాలు అందులో మొలిచాయో తెలీదు. ఆవిడ చేసిన ప్రయోగాలకి అదొక్కటే రికార్డు. ఆ ఇంట్లో రైతు ఎవరని ఎవరైనా వచ్చి అడిగి ఉంటే, మేమందరం, నాతో సహా, తాత పేరే చెప్పి ఉండేవాళ్ళం.